తిరిగివచ్చిన భార్య: 'అవర్ వైవ్స్ అండర్ ద సీ' నవలికపై ఉత్తరాంధ్ర తీరం నుండి ఒక పరిశీలన

వేదాంత విద్యార్థుల పత్రికలో భయానక సాహిత్యాన్ని గూర్చి వ్యాసమేమిటని కొందరు పాఠకులకు తోచవచ్చు. అందునా ఆ పుస్తకం ఇద్దరు స్త్రీల దాంపత్యాన్ని చెప్పేదైతే ఆ ప్రశ్న మరింత గట్టిగా వినిపించవచ్చు. మేము ఈ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నది వేరొక కారణం చేత. క్రైస్తవ ఆప్తసలహా తరగతిలో 'తేలని దుఃఖం' అనే పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, ఉదాహరణ కొరకు వెదుకుతుండగా ఇది దొరికింది. పాఠం ముగిసిన తరువాత కూడా పుస్తకం మమ్మల్ని విడువలేదు.

జూలియా ఆర్మ్‌ఫీల్డ్ ఇంగ్లండుకు చెందిన రచయిత్రి. 2019లో 'సాల్ట్ స్లో' అనే కథల సంపుటిని వెలువరించారు. 'అవర్ వైవ్స్ అండర్ ద సీ' 2022లో వచ్చిన ఆమె మొదటి నవల. చిన్న పుస్తకం, మన వారపత్రికల కాలంలో అయితే దీనిని నవలిక అనే అనేవారు. లైంగిక అల్పసంఖ్యాకుల సాహిత్యానికి బ్రిటన్‌లో ఇచ్చే పొలారి బహుమతి 2023లో దీనికి లభించింది.

కథ చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. సముద్ర జీవశాస్త్రజ్ఞురాలైన లియా మూడు వారాల పరిశోధన కొరకు జలాంతర్గామిలో లోతులకు దిగి, ఆరు నెలలకు గాని తిరిగి రాదు. వచ్చిన తరువాత ఆమె శరీరం మెల్లగా మనిషి శరీరం కాకుండా పోతుంటే, ఆమె భార్య మిరి అదే ఇంట్లో ఉండి చూస్తూ ఉంటుంది. అధ్యాయాలు ఇద్దరి గొంతుల్లో మారి మారి నడుస్తాయి. మిరి చెప్పేది తిరిగి వచ్చిన తరువాతి సంగతి, లియా చెప్పేది నీటి అడుగున గడిచిన కాలం సంగతి. సముద్రాన్ని శాస్త్రజ్ఞులు వెలుతురు చేరే పై పొర మొదలుకొని అగాధపు కందకాల వరకు అయిదు మండలాలుగా విభజిస్తారు గదా, పుస్తకానికి కూడా అవే పేర్లతో అయిదు భాగాలున్నాయి. పాఠకుడు పుట తిప్పే కొద్దీ లోతుకు దిగుతాడు, వెలుతురు తగ్గుతుంది.

భయానకం ఎక్కడ ఉన్నది? స్నానాలగదిలో నీటి కుళాయి ఎడతెగక పారుతుంటుంది. లియా గంటల తరబడి తొట్టెలో పడుకుంటుంది, ఉప్పు కలిపిన నీళ్లు తాగుతుంది. ముక్కు నుండి నెత్తురు వస్తుంది, చర్మం రంగు మారుతుంది, పలచబడుతుంది. ఒకనాడు ఒక కన్ను నీరై కారిపోతుంది. ఇవన్నీ భయం పుట్టించేవే, కాదనము. కాని ఈ రచయిత్రి అరుపుల మనిషి కాదు. ఆ గది తలుపుకు ఇవతల మిరి రొట్టె కాల్చుకుంటుంది, పై అంతస్తు వారి టీవీ మోత వింటుంది, ఉద్యోగానికి సంబంధించిన దరఖాస్తులు వ్రాసుకుంటుంది. తాను పెండ్లాడిన మనిషి అదే ఇంట్లో ఉండగానే ఆమెకు బెంగ పెట్టుకున్నది. ఈ మాట ఏ దాంపత్య సలహాదారుడు వినలేదు? భర్త దుబాయి నుండి వచ్చాడు, ఇంట్లోనే ఉన్నాడు, అయినా రాలేదండీ అని చెప్పుకునే ఇల్లాళ్లు మన సంఘాలలో లేరా?

పౌలీన్ బాస్ అనే అమెరికన్ కుటుంబ మనస్తత్వవేత్త 1970లలో ఈ స్థితికి ఒక పేరు పెట్టారు. 1999లో దానిమీద గ్రంథం వెలువరించారు. మేము తెలుగులో 'తేలని దుఃఖం' అంటున్నది దానినే. ఆమె దానిని రెండు రకాలుగా చూపారు. మనిషి కంటికి కనిపించడు, మనసులో మాత్రం ఉంటాడు: గల్లంతైన వారి కుటుంబాల స్థితి ఇది. మనిషి కంటి ఎదుటే ఉంటాడు, మనసుకు మాత్రం అందడు: మతిమరుపు వ్యాధి, తాగుడు, తీవ్రమైన కుంగుబాటు ఉన్న ఇళ్ల స్థితి ఇది. ఈ నవలిక చేసిన గొప్ప పని, మాకు తోచినంతలో, ఈ రెండింటిని ఒకే స్త్రీ చేత వరుసగా అనుభవింపజేయడం. మొదటి ఆరు నెలలు మిరి మొదటి రకపు దుఃఖంలో ఉన్నది. లియా ఇంటికి రావడంతో అది తీరలేదు, రెండవ రకానికి మారింది. రెండింటిలోను సమాధి లేదు, భూస్థాపన ఆరాధన లేదు, ఆదరణ కూడిక లేదు.

ఇక్కడ మా తీరం మాట చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా తీరరేఖ సుమారు 193 కిలోమీటర్లు, రాష్ట్రంలో పెద్దది. ఇంత తీరం ఉండి కూడా ఇక్కడి మత్స్యకారులు వేట కొరకు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోతారు. జెట్టీలు, పెద్ద బోట్లు, నిలకడైన కూలి అక్కడ ఉన్నవి గనుక. వానకాలం సగంలో వెళ్లినవారు ఎండాకాలానికి వస్తారు. 2018 నవంబరులో మత్స్యలేశం తదితర గ్రామాల నుండి, విజయనగరం తీరం నుండి వెళ్లిన కొందరు బోట్లతో సహా పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. కరాచీ జైలులో పదమూడు నెలలకు పైగా ఉండి, వారిలో ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద విడుదలై వచ్చారు. ఆ సంగతి ఆధారంగానే చందూ మొండేటి దర్శకత్వంలో 'తండేల్' చిత్రం 2025 ఫిబ్రవరిలో విడుదలైంది. బోటు మీది జట్టుకు పెద్దను తండేలు అంటారు. ఆ పడమటి తీరపు మాట వలస కూలీలతో పాటు మన తూర్పు తీరానికి నడిచి వచ్చింది.

సినిమా బాగున్నదా లేదా అనేది ఈ వ్యాసం పని కాదు. ఒక్క సంగతి మాత్రం గమనించదగినది. సినిమాకు ముగింపు కలయిక. వెళ్లినవాడు వచ్చాడు, ఎదురుచూసినది నవ్వింది, దీపాలు వెలిగాయి. ఆర్మ్‌ఫీల్డ్ పుస్తకం సరిగ్గా ఆ చోటనే మొదలవుతుంది. వచ్చాడు సరే, వచ్చినది ఎవరు?

తరగతిలో సముద్రపు ఒడ్డు ఊరి నుండి వచ్చిన ఒక విద్యార్థిని ఉన్నది. తొట్టెలోని దృశ్యం చదివినప్పుడు మిగిలినవారు ముఖాలు చిట్లించారు, ఆమె చలించలేదు. "ఆ నీల్లూ అయ్యీ నాకు బయం ఎయ్యలేదండి. ఫోను దగ్గర ఏసింది" అన్నది. ఆమె చెప్పినది మిరి ఫోను చేసే ఘట్టాలను గూర్చి. లియాను పంపిన సంస్థను పుస్తకంలో 'కేంద్రం' అని మాత్రమే అంటారు. మిరి దానికి ఫోను చేస్తుంది. ఏదో సంఖ్య నొక్కమంటారు, ఏదో గుర్తింపు సంకేతం చెప్పమంటారు, సంగీతం వినిపిస్తారు, మరొకరికి కలుపుతామంటారు. ఎవ్వరూ ఏమీ చెప్పరు. లియా నీటి అడుగున ఉన్న నెలలలోనూ అంతే, ఆలస్యమైందనడం తప్ప ఎందుకో చెప్పరు. బోటు యజమాని నుండి మత్స్యశాఖ ఆఫీసుకు, అక్కడినుండి కలెక్టరేటుకు, ఆ పైన ఢిల్లీలో ఎవరికో అర్జీలు పెట్టుకున్న ఇంటి పిల్లకు ఈ భయానకం వేరే పాఠం చెప్పనక్కరలేదు. మేము చదివిన విమర్శలలో చాలా భాగం శరీరం మార్పు మీద నిలిచాయి. ఆ అమ్మాయి మాట విన్న తరువాత ఈ పుస్తకంలోని రాక్షసి నీటిలో లేదేమో, ఆ టెలిఫోనులో ఉన్నదేమో అనిపించింది.

గల్లంతైన మనిషిని చట్టం ఎప్పుడు చనిపోయినవాడిగా ఊహిస్తుంది? 1872 నాటి సాక్ష్య చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు కబురు లేకపోతే. 2024 జూలై 1 నుండి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది, ఏడేళ్ల నియమం మాత్రం అలాగే ఉన్నది. ఆ ఏడేళ్లూ ఆమె విధవరాలు కాదు, పుణ్యస్త్రీ కూడా కాదు. కబురు ఎవరికి అందకపోవాలి అన్నదానికి ఆ చట్టం చెప్పేది, ఆ మనిషి బ్రతికి ఉంటే సహజంగా ఎవరికి కబురు తెలిసేదో వారికి అని. మేము ఈ 'సహజంగా' అనే మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాము. తల్లి, తండ్రి, భార్య, భర్త, పిల్లలు సహజం. పదేళ్లు ఒకే వంటింట్లో బ్రతికిన ఇద్దరు స్త్రీలలో రెండవ ఆమె సహజమా?

ఇంగ్లండులో మిరి లియాలు చట్టం ఎదుట దంపతులు. అందుచేత కేంద్రం వారు మిరిని కనీసం ఫోనులో నిలబెట్టి ఉంచారు. మన దేశంలో ఆ మాత్రం నిలబడే చోటు కూడా లేదు. బ్రిటిషు వారు 1860లో వ్రాసి పెట్టిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను, పరస్పర అంగీకారం గల వయోజనుల విషయంలో సుప్రీం కోర్టు 2018 సెప్టెంబరు 6న తొలగించింది. నేరం పోయింది, బంధుత్వం రాలేదు. 2023 అక్టోబరు 17 నాటి తీర్పులో స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి అదే న్యాయస్థానం నిరాకరించి, ఆ పని శాసనసభలదన్నది. 2024లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవవచ్చునని, ఒకరిని ఒకరు నామినీగా పెట్టుకోవచ్చునని, రేషను కార్డు విషయంలో ఒకే ఇంటివారుగా చూడవచ్చునని సూచనలిచ్చింది. బియ్యం కొలిచే చోట ఒక ఇల్లు. శవాన్ని అప్పగించే చోట మాత్రం, దగ్గరి బంధువులు లేనప్పుడే.

సంఘాలు ఈ విషయంలో ఏకాభిప్రాయంతో లేవని మాకు తెలుసు. ఈ వ్యాసం ఆ వివాదాన్ని తీర్చడానికి పూనుకోలేదు. కాని వివాదం తీరేవరకు దుఃఖం ఆగదు గదా. కాపరి ఏ ఇంటికి వెళ్లి కూర్చుంటాడు, ఎవరి చేయి పట్టుకుంటాడు అనే ప్రశ్నను సిద్ధాంత చర్చ ముగిసే దాకా వాయిదా వేయలేము.

సాహిత్య చరిత్ర వైపు కొంచెం మళ్లుదాం. స్త్రీని ప్రేమించే స్త్రీని భయానక సాహిత్యం చాలాకాలం ఒకే విధంగా చూపింది. ఐర్లండులో ఒక సంఘ గురువు కుమారుడైన షెరిడాన్ లె ఫాన్యు 1872లో గ్రంథరూపంలో ప్రచురించిన 'కార్మిల్లా' అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అందులో లారా అనే యువతిని ఆప్యాయంగా చుట్టుకునే కార్మిల్లా నెత్తురు తాగే పిశాచి. చివర పెద్దమనుషులు చేరి సమాధి తెరచి, గుండెలో మేకు దిగగొట్టి, తల నరికి, కాల్చి, బూడిదను నదిలో కలుపుతారు. లారా మాత్రం ఆమె అడుగుల చప్పుడు కొరకు చెవి ఒగ్గుతూనే ఉంటుంది. ఆ కథలో ప్రేమే జబ్బు. ఆర్మ్‌ఫీల్డ్ దానిని తలక్రిందులు చేసింది. ఇక్కడ జబ్బు సముద్రం నుండి, ఒక సంస్థ నిర్లక్ష్యం నుండి (బహుశా కుట్ర నుండి) వచ్చింది. ప్రేమ ఆ జబ్బుకు తొట్టెలో ఉప్పు కలిపి పెడుతుంది. కార్మిల్లా బూడిదను నీటిలో కలిపినది శత్రువులు. లియాను చివరకు సముద్రపు నీటిలోకి తీసుకొనిపోయి చేతులు వదిలినది ఆమె భార్య. ముగింపు చెప్పివేసినందుకు పాఠకులు క్షమింతురు గాక. ఈ పుస్తకంలో ముగింపు తెలియడం వలన పోయేది తక్కువ.

పుస్తకం శిక్షించదు, వాదించదు. ఇద్దరు స్త్రీల సంసారమనే సంగతిని ఎక్కడా సమర్థించుకోదు, దానికి ఒక్క పేరా ఖర్చు పెట్టదు. మిరి పిసినారితనం, రోగభయం, అసూయ, ఓపికలేనితనం అన్నీ ఉన్న మనిషి. తల్లి నయం కాని వ్యాధితో క్షీణించి పోయినప్పుడు తాను ఆమెకు దగ్గర కాలేకపోయిన సంగతి ఆమెను కొరుకుతూ ఉంటుంది. ఇప్పుడు మళ్లీ మంచం పక్కన కూర్చోవలసి వచ్చింది. ఆ పోలికను రచయిత్రి వేలుపెట్టి చూపించదు, మనకే తడుతుంది.

లోపాలు లేకపోలేదు. లియా చెప్పే అధ్యాయాలు మిరి చెప్పేవాటి ముందు తేలిపోయాయి. జలాంతర్గామిలో ముగ్గురు మనుషులు, దీపం లేని నీరు, పనిచేయని యంత్రాలు. ఇంత సరుకు ఉండి కూడా కొన్ని పుటలు చీకటిలో ఈదులాడినట్లుంటాయి. తిండి సామగ్రి మూడు వారాలకు మించి ఎందుకు నింపారన్న అనుమానం చక్కగా మొలకెత్తుతుంది, తరువాత దానికి నీళ్లు పోసేవారు లేరు. కేంద్రం గుట్టు విప్పకపోవడాన్ని మేము తప్పు పట్టము, నిజజీవితంలో విప్పేదెవరు? కాని గుట్టు ఉన్నదని పదే పదే చెప్పి చెప్పి విప్పకపోవడం వేరు. సిబ్బందిలో మూడవ మనిషి జెల్కా ప్రార్థనాపరురాలు. నీటి వెలుపలి నుండి ఒక స్వరం పిలుస్తున్నదని నమ్మి తలుపు తెరుచుకొని వెళ్లిపోతుంది. సమూయేలు బాలుని పిలుపు చదివి పెరిగినవారికి ఆ ఘట్టం ఎంతో లోతైన ప్రశ్న వేయాలి: వినబడిన ప్రతి స్వరం దేవునిదేనా, ఎలా తెలుసుకోవాలి? రచయిత్రి ఆ ప్రశ్నను తాకి వదిలేసింది. ఆమెకు జెల్కా మీద కంటే జెల్కా వదలిపోయిన ఖాళీ మీదనే ఆసక్తి.

పరిశుద్ధ గ్రంథంలో సముద్రం ఎప్పుడూ మంచి పొరుగు కాదు. యోనాను మింగినది, శిష్యులను వణికించినది అదే. ప్రకటన గ్రంథం ఇరవై ఒకటవ అధ్యాయంలో నూతన భూమి మీద సముద్రమే ఉండదు. ఈ వచనం ఎత్తినప్పుడు వెనుక బెంచీ నుండి "సముద్రం నేకపోతే మాం ఏటి తింటాం సారూ?" అని ఒకరు అడిగారు, తరగతి నవ్వింది. మేమూ నవ్వాము, జవాబు మాత్రం చెప్పలేదు. పాలస్తీనా రైతులు, గొర్రెల కాపరులు సముద్రాన్ని చూసిన చూపు వేరు. గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి తెప్ప నీటిలోకి తోసేవారి చూపు వేరు. ఆర్మ్‌ఫీల్డ్ సముద్రం ఆ రెండవ చూపుకు దగ్గర. అది చెడ్డదని గాని మంచిదని గాని ఆమె అనదు, తీసుకుంటుంది అని మాత్రమే అంటుంది.

రూతు గ్రంథం జ్ఞాపకం రాక మానదు. భర్తలు పోయిన ముగ్గురు స్త్రీలు దారిలో నిలబడినప్పుడు ఓర్పా వెనుకకు తిరిగింది, రూతు నయోమిని హత్తుకొన్నది. అక్కడి హెబ్రీ క్రియ 'దాబక్'. ఆదికాండము రెండవ అధ్యాయంలో పురుషుడు భార్యను హత్తుకొనుట అన్నచోట ఉన్నదీ అదే క్రియ. మన తెలుగు అనువాదకులు రెండు చోట్లా ఒకే మాట వాడి మూలానికి న్యాయం చేశారు. ఈ ఒక్క క్రియాపదం మీద పెద్ద మేడ కట్టేవారున్నారు. అది సరికాదని మా అభిప్రాయం, వారిద్దరూ అత్తాకోడళ్లే. కాని రక్తం గాని, చట్టం గాని కట్టివేయని ఇద్దరు స్త్రీల మధ్య నిలిచిన కట్టుబాటుకు గ్రంథకర్త వివాహపు మాటను వాడడానికి జంకలేదన్నంత వరకు చెప్పవచ్చు. తూర్పు భాగవతంలో మీసాలు గొరిగించుకొని సత్యభామ వేషం కట్టిన కళాకారులను చూసిన మా ఉత్తరాంధ్ర పెద్దలు కూడా, విరహం పలికేది ఏ శరీరం అని అడగలేదు. జడ విసరడంలో లోటుంటే మాత్రం ఊరుకునేవారు కారు.

శరీరం మారిన మనిషిని ఏమి చేయాలన్న ప్రశ్న మన సాహిత్యానికీ కొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ'లో గుర్రపు ముఖం గల గంధర్వుడు లండనులో పడితే, అక్కడివారు బోనులో పెట్టి కొలతలు తీసుకోబోయారు. చివరకు అతడు ఎగిరిపోయాడు. విశ్వనాథ వారికి అది నాగరికతల మీద వ్యంగ్యం, నవ్వుకొనే కథ. ఆర్మ్‌ఫీల్డ్ నవ్వదు. ఆమెకు ఆ వింత ప్రాణి ఒకరి భార్య. కొలతలు తీసుకోవడానికి రావలసిన కేంద్రం వారు ఫోను కూడా ఎత్తరు.

వచ్చే సంవత్సరం ఈ పుస్తకంలో కొన్ని అధ్యాయాలను తరగతి కొరకు తెలుగు చేయాలని అనుకున్నాము. పేరు దగ్గరే పని ఆగింది. ఇంగ్లీషులో 'అవర్' అంటే సరిపోయింది. తెలుగులో 'మా' అనాలా, 'మన' అనాలా? 'సముద్రం అడుగున మా భార్యలు' అంటే వినేవారు వెలుపల నిలబడతారు. అది ఒక గుంపు తన గోడును పరాయివారికి చెప్పుకోవడం. 'మన భార్యలు' అంటే వినేవారి ఇంటిలోనూ ఒకరు నీటి అడుగున ఉన్నట్లు. విద్యార్థులలో ఎక్కువమంది 'మా' అన్నారు, అదే మర్యాదగా ఉన్నదన్నారు. ఒడ్డు ఊరి అమ్మాయి 'మన' అన్నది. ప్రస్తుతానికి రెండు మాటలూ పెన్సిలుతో వ్రాసి ఉన్నాయి.